హైదరాబాద్‌లో సాయంత్రాలు: సభలు, నాటకాలు, జాతరల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

"ఈ ఆదివారం ఎక్కడికెళ్తే బాగుంటుంది?" అని ఫోను చేసేవాళ్లు వారానికి ముగ్గురైనా ఉంటారు నాకు. మా చెల్లెలి తోటికోడలు, మా అపార్ట్‌మెంట్‌లో కొత్తగా దిగిన జంట, సెలవులకు వచ్చే అమెరికా మేనకోడలు, అందరివీ దాదాపు ఒకే ప్రశ్నలు. ఇరవై ఏళ్లుగా సాయంత్రం ఆరు దాటితే ఇంట్లో కాలు నిలవని మనిషిని కాబట్టి వాళ్లు నన్నడగడంలో తప్పు లేదు. కానీ చెప్పిందే చెప్పి విసుగొచ్చింది. అందుకే ఒకసారి కూర్చుని రాసేశాను.

ఎక్కడ ఏం జరుగుతోందో ముందుగా ఎలా తెలుస్తుంది? యాప్‌లో చూస్తే స్టాండప్ కామెడీ, డీజే నైట్లు తప్ప ఏమీ కనబడటం లేదు.

కనబడవు. యాప్‌లో ఉండేవి టికెట్టు అమ్ముకునే కార్యక్రమాలు. ఈ ఊళ్లో జరిగే సంగీత సభలు, పుస్తకావిష్కరణలు, కూచిపూడి ప్రదర్శనలు, అవధానాలు, నాటకాల్లో ఎక్కువ భాగానికి టికెట్టే లేదు. అమ్మేదేమీ లేనప్పుడు యాప్‌వాళ్లకు మాత్రం ఏం పని?

నేను చూసేవి మూడు. ఒకటి, తెలుగు దినపత్రికల హైదరాబాద్ పేజీల్లో 'నగరంలో నేడు' తరహాలో వచ్చే చిన్న అక్షరాల పెట్టె. దాన్ని చదివేవాళ్లు తగ్గిపోయారు గానీ, పొద్దున కాఫీతో పాటు రెండు నిమిషాలు అటు చూస్తే సాయంత్రానికి పని దొరుకుతుంది. రెండు, రవీంద్రభారతి, త్యాగరాయ గానసభ లాంటి చోట్ల గేటు దగ్గర కట్టే ఫ్లెక్సీలు, బోర్డులు. బస్సులోంచి చదవగలిగినంత పెద్దగానే ఉంటాయి. మూడు, అన్నిటికన్నా నమ్మకమైనది: ఏదైనా ఒక సభకు వెళ్లి, బయటకొచ్చేటప్పుడు నిర్వాహకుల దగ్గర పుస్తకంలో పేరు, ఫోను నంబరు రాసి రండి. నెల తిరిగేసరికి మీ వాట్సాప్ ఆహ్వాన పత్రికలతో నిండిపోతుంది. ఆ తర్వాత "ఏమీ లేవండీ" అని మీరు నాకు ఫోను చేయరు.

మమ్మల్నెవరూ పిలవలేదు. అయినా వెళ్లొచ్చా?

ఆహ్వాన పత్రిక అడుగున "దీనినే వ్యక్తిగత ఆహ్వానంగా భావించి విచ్చేయగలరు" అని ఉంటుంది చూడండి. అది మర్యాదకు రాసిన మాట కాదు, నిజంగానే రమ్మంటున్నారు. ఖాళీ కుర్చీల ముందు పాడటం గాయకులకు ఎంత కష్టమో నిర్వాహకులకు తెలుసు. మొదటి రెండు వరసలు వదిలేసి ఎక్కడైనా కూర్చోవచ్చు. అవి అతిథులవి, పైగా అక్కడ కూర్చుంటే మధ్యలో లేచి వెళ్లడం ఇబ్బంది.

కార్డులో సాయంత్రం 6 గంటలకు అని ఉంది. ఎన్నింటికి వెళ్లాలి?

కార్డును ఎవరు వేశారో చూడండి. పేరున్న సంగీత సంస్థల కచేరీ అయితే ఆరంటే ఆరే. ఐదూ ముప్పావుకు తంబుర శ్రుతి వినబడుతుంటుంది, అప్పటికి మీరు కుర్చీలో ఉండాలి. కార్డు మీద ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి అని ఎనిమిది ఫోటోలుంటే మాత్రం స్నానం చేసి, నింపాదిగా టిఫిన్ తిని బయల్దేరండి. ఆ ఎనిమిదిమందీ రావాలి, జ్యోతి వెలిగించాలి (అగ్గిపుల్ల ఆరిపోతుంది, ఫ్యాను ఆపమని ఎవరో కేకేస్తారు), ఒక్కొక్కరికీ శాలువా, జ్ఞాపిక, మళ్లీ అందరూ కలిసి ఒక ఫోటో. ఒకసారి ఓ సభలో అసలు నాట్యం ఎనిమిదింపావుకు మొదలైంది. పాపం ఆ పిల్లలు ముఖానికి రంగు, కాళ్లకు గజ్జెలతో రెండు గంటలు పక్క తెర వెనక నిలబడే ఉన్నారు. అప్పట్నుంచీ కార్డులో ఫోటోలు లెక్కపెట్టి, మనిషికి పది నిమిషాల చొప్పున కలుపుకుని వెళ్తున్నాను. పెద్దగా తప్పడం లేదు.

ఏ హాలు దేనికి? అన్నీ ఒకేలా వినిపిస్తున్నాయి.

ఒక్కో హాలుకు ఒక్కో స్వభావం. సైఫాబాద్‌లో, శాసనసభకు కూతవేటు దూరంలో ఉన్న రవీంద్రభారతి అన్నిటికీ పెద్దన్న. రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సందర్భంగా కట్టారు, 1961లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. పెద్ద నృత్య ప్రదర్శనలు, ప్రభుత్వ ఉత్సవాలు, నాటకోత్సవాలు, అవార్డు సభలు అన్నీ ఇక్కడే. జనం ప్రధాన మందిరం చూసి వెళ్లిపోతారు గానీ అదే ఆవరణలో చిత్రకళా ప్రదర్శనలు జరిగే గ్యాలరీ ఉంది, షార్ట్ ఫిలిమ్‌లు, డాక్యుమెంటరీలు వేసే పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ ఉంది. జైరాజ్ ఎవరంటారా? మన కరీంనగర్ ప్రాంతపు మనిషి. బొంబాయి వెళ్లి మూకీల కాలం నుంచి హిందీ సినిమాల్లో హీరోగా వేసి, దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నాడు. లక్డీకాపూల్, అసెంబ్లీ మెట్రో స్టేషన్లు రెండింటి నుంచీ నడిచి వెళ్లొచ్చు.

చిక్కడపల్లి త్యాగరాయ గానసభ నాకు పుట్టిల్లు లాంటిది. పెద్ద హాలుతో పాటు చిన్న వేదికలు కూడా ఉండటంతో ఒకే సాయంత్రం కింద ఘంటసాల పాటల విభావరి, పైన కవిసమ్మేళనం నడుస్తుంటాయి. ఒకటి నచ్చకపోతే మెట్లెక్కి రెండోదానికి వెళ్లిపోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. హంగులేవీ ఆశించకండి. మైకు కూతపెట్టినా, వెనక వరసలో ఎవరి ఫోనో మోగినా పాట ఆగదు. బయటికొస్తే చిక్కడపల్లి వీధుల్లో వేడి వేడి ఇడ్లీ.

పుస్తకావిష్కరణలకు, చర్చలకు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం. సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ఉంది. నిజాం రాజ్యంలో తెలుగు కోసం 1901లో మొదలైన గ్రంథాలయం. సాహిత్య సభ కోసం కాకపోయినా ఒకసారి ఆ మెట్లెక్కి చూసి రావలసిన చోటు. బషీర్‌బాగ్ భారతీయ విద్యాభవన్, పబ్లిక్ గార్డెన్స్ పక్కన తెలుగు విశ్వవిద్యాలయం ఎన్టీఆర్ కళామందిరం, సికింద్రాబాద్‌లో హరిహర కళాభవన్ కూడా మీ జాబితాలో ఉండాలి.

మేముండేది మాదాపూర్ వైపు. చిక్కడపల్లి దాకా ట్రాఫిక్‌లో రాలేం. మా వైపు ఏమీ లేవా?

లేకేం. శిల్పారామంలో శని, ఆదివారాల సాయంత్రాలు ఆరుబయట వేదిక మీద కూచిపూడి, భరతనాట్యం జరుగుతుంటాయి. ప్రవేశ టికెట్టు కొనుక్కుని లోపలికెళ్తే నాట్యానికి వేరే రుసుము అడగరు. పక్కనే శిల్పకళావేదిక ఉంది, పెద్ద సంగీత విభావరులు, సినిమా ఫంక్షన్లు అక్కడ. కావూరి హిల్స్ దగ్గర స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో బొమ్మల ప్రదర్శనలు మారుతూ ఉంటాయి.

బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1లో లామకాన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2010లో ఒక పాత ఇంటిని, దాని రాతి ఆవరణను అందరికీ తెరిచిపెట్టారు. ఉర్దూలో 'లా' అంటే లేదు, 'మకాన్' అంటే ఇల్లు. ఇల్లు కాని ఇల్లన్నమాట. ఒకరోజు నాటకం, ఒకరోజు డాక్యుమెంటరీ, ఒకరోజు రైతుల మీద చర్చ, ఇంకోరోజు గజళ్లు. చాయ్, సమోసా చవక. ల్యాప్‌టాప్ పెట్టుకుని పొద్దంతా కూర్చునే కుర్రాళ్లు సాయంత్రం లైట్లు మారగానే ప్రేక్షకులైపోతారు.

ఇంకో మాట. ట్రాఫిక్ అని చిక్కడపల్లిని కొట్టిపారేయకండి. హైటెక్ సిటీలో నీలం లైను ఎక్కి పరేడ్ గ్రౌండ్స్‌లో దిగి, అక్కడ ఆకుపచ్చ లైనుకు మారితే నేరుగా చిక్కడపల్లి స్టేషన్. కారులో వచ్చేవాడు పంజాగుట్ట దగ్గర ఉండగానే మీరు మొదటి కీర్తన వింటుంటారు.

సురభి నాటకాలు ఇంకా ఆడుతున్నారా? మా తాతయ్య కథలు కథలుగా చెప్పేవాడు.

ఆడుతున్నారు. మీ తాతయ్య చెప్పినదాంట్లో అతిశయోక్తి ఉండి ఉండదు. 1885లో కడప జిల్లా సురభి అనే ఊళ్లో వనారస గోవిందరావు కుటుంబం 'కీచకవధ' ఆడింది. ఆ ఊరి పేరే సమాజం పేరైంది. ఆడవేషాలు మగవాళ్లు కట్టే రోజుల్లోనే ఇంటి ఆడవాళ్లను రంగస్థలం ఎక్కించిన కుటుంబాలవి. తరాలు మారినా అదే పని: అమ్మమ్మ కుంతి, కోడలు సుభద్ర, మనవడు అభిమన్యుడు. శేరిలింగంపల్లిలో వాళ్ల కాలనీ ఉంది. ఊళ్లో వాళ్ల ఆటలకు పబ్లిక్ గార్డెన్స్‌లోని లలిత కళాతోరణం, రవీంద్రభారతి వేదికలు.

వెళ్తే 'మాయాబజార్'కు వెళ్లండి, అదీ ముందు వరసల్లో కూర్చోండి. రంగులేసిన గుడ్డ తెర ఒకటి పైకి చుట్టుకోగానే వెనక ఇంకో తెర: ద్వారక పోయి అడవి వచ్చేస్తుంది. ఆ మార్పుకు పట్టే సమయం మీరు చప్పట్లు కొట్టేంతసేపే. పెళ్లి వంటల ముందు ఘటోత్కచుడు చేతులు కట్టుకుని కూర్చుంటే లడ్డూలు వాటంతటవే లేచి నోట్లోకి పోతాయి. బాణాలు గాల్లో ఎదురెదురుగా వచ్చి ఢీకొని నిప్పులు రాలతాయి. కంప్యూటర్ గ్రాఫిక్స్ మధ్య పుట్టిన మా తమ్ముడి కొడుకు ఆ లడ్డూ దగ్గర సీట్లోంచి లేచి నిలబడ్డాడు. "దారం కనిపించింది అత్తా," అన్నాడు ఇంటికొచ్చేటప్పుడు. "కనిపించినా బాగుంది." వాడికి అప్పుడు తొమ్మిదేళ్లు. అంతకంటే మంచి సమీక్ష నేనైతే రాయలేను.

రాబోయే నెలల్లో ఏముంటాయి? తేదీలు చెప్పగలరా?

కొన్నింటికి తేదీ స్థిరం, కొన్ని తిథిని బట్టి జరుగుతాయి. అందుకే నేను ఇంగ్లీషు క్యాలెండర్ కన్నా గంటల పంచాంగాన్నే ఎక్కువ తిప్పుతాను. మీరు ఏ నెలలో ఇది చదువుతున్నా ఈ వరస పట్టుకుంటే చాలు.

ఆషాఢం వస్తే బోనాలు. భాద్రపదంలో వినాయక చవితి. ఖైరతాబాద్‌లో 1954 నుంచీ నిలబెడుతున్న పెద్ద వినాయకుణ్ని చూడాలంటే పని రోజున, పొద్దున్నే వెళ్లండి. అనంత చతుర్దశి నాడు హుస్సేన్‌సాగర్ వైపు ఏ పనీ పెట్టుకోకండి, నిమజ్జనం చూడటానికైతే తప్ప. భాద్రపద అమావాస్య నుంచి తొమ్మిది రోజులు బతుకమ్మ. దీపావళి దాటిన రెండో రోజున నారాయణగూడలో యాదవుల సదర్: పూసల దండలు, నెమలి ఈకలు, కాళ్లకు గజ్జెలతో అలంకరించిన దున్నపోతులను డప్పుల మధ్య నడిపించుకొస్తారు. దున్నపోతు వెనక్కాళ్ల మీద లేచి నిలబడినప్పుడు జనంలోంచి లేచే కేక వినాలి. ఈ ఊళ్లో పుట్టి పెరిగి సదర్ చూడనివాళ్లుంటే నాకు ఆశ్చర్యం.

చలి మొదలయ్యాక అసలు సీజన్. నవంబరు ప్రాంతంలో ఖాదిర్ అలీ బేగ్ నాటకోత్సవం, డిసెంబరులో పుస్తక ప్రదర్శన, జనవరి ఒకటి నుంచి నుమాయిష్, సంక్రాంతికి పరేడ్ గ్రౌండ్స్‌లో గాలిపటాల పండగ, జనవరి చివర్లో లిటరరీ ఫెస్టివల్, పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధనలు. ఆ రెండు నెలలూ మా ఇంట్లో రాత్రి వంట ఉండదు. మా ఆయన దానికి అలవాటుపడ్డాడు. ఉగాదికి పంచాంగ శ్రవణం, కవిసమ్మేళనాలు. ఆ తర్వాత ఎండలకు అందరూ హాళ్లలోకి చేరతారు. వేసవిలో ఏసీ హాలు దొరికితే అవధానమైనా ఆనందమే.

మొహర్రం మాత్రం చాంద్రమానంతో ఏటా వెనక్కి జరుగుతుంటుంది. పదో రోజున డబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ దాకా ఏనుగు మీద బీబీ కా ఆలం అనే పవిత్ర ధ్వజం సాగుతుంది. అది సంతాపం, తమాషా కాదు. వెళ్తే ఆ ఎరుకతో వెళ్లాలి.

బోనాలు ఎక్కడ చూడాలి? అన్ని గుళ్లలోనూ అంటున్నారు.

మొదట గోల్కొండ కోటలో జగదాంబిక అమ్మవారికి, తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళికి, ఆ తర్వాత పాతబస్తీలో లాల్‌దర్వాజ సింహవాహినికి. మూడూ వేరువేరు రోజులు కాబట్టి మూడూ చూడొచ్చు. ఒక్కటే వీలయితే సికింద్రాబాద్‌ను ఎంచుకోండి (మేం దాన్ని ఇప్పటికీ లష్కర్ బోనాలే అంటాం). మర్నాడు సోమవారం పొద్దున రంగం ఉంటుంది: పచ్చి కుండ మీద నిలబడి అవివాహిత స్త్రీ ఆ ఏటి వానలు, పంటలు ఎలా ఉంటాయో భవిష్యవాణి చెబుతుంది. పాతబస్తీలో హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీద ఊరేగుతుంది.

కాస్త దగ్గరగా చూడండి. పసుపు, కుంకుమ రాసిన కుండ, చుట్టూ వేపమండలు, లోపల బెల్లం వేసి వండిన అన్నం, పైన మూతలో వెలుగుతున్న దీపం. నెత్తి మీద అంత పెట్టుకుని, చేత్తో పట్టుకోకుండా, అంత తొక్కిసలాటలో ఆ ఆడవాళ్లు దీపం ఆరిపోకుండా నడుస్తారు. పోతురాజు కొరడా ఝళిపిస్తుంటే అడ్డం తిరిగి సెల్ఫీ తీసుకోకండి. నేను చూస్తుండగానే ఒకతని ఫోను ఎగిరిపోయింది.

బతుకమ్మ ఆడటం రాదు. చూస్తూ నిలబడితే బాగోదేమో?

నిలబడనివ్వరు కూడా, చెయ్యి పట్టుకుని లాగుతారు. అడుగు సులువే: ఒంగి చప్పట్లు, ఒక అడుగు పక్కకి, మళ్లీ చప్పట్లు. పాట ఒకరు అందుకుంటే తక్కినవాళ్లు 'ఉయ్యాలో' కలిపితే చాలు. మీ కాలనీలోనే ఆడుతుంటారు, పెద్ద వేదికల దాకా వెళ్లక్కర్లేదు.

నా సలహా వేరే. ఆడటానికి వెళ్లే ముందు మధ్యాహ్నం పేర్చడానికి వెళ్లండి. తాంబాళంలో ఆకులు పరిచి, తంగేడు పూలు ఒక వరస, రంగులద్దిన గునుగు ఒక వరస, బంతి, చామంతి, కట్లపూలు, ఒక్కో వరస చుట్టు తగ్గిస్తూ గోపురంలా పైకి తీసుకెళ్తారు. చివర్న పసుపు గౌరమ్మ. గునుగు కాడలు సమానంగా కోయడంలోనే ఉంది పనితనమంతా. పొడుగు తేడా వస్తే మూడో వరసకు బతుకమ్మ ఒకపక్కకు ఒరుగుతుంది. ఆ పని చేస్తున్నప్పుడు చెప్పుకునే కబుర్లు ఏ వేదిక మీదా వినబడవు. మొదటి రోజు ఎంగిలిపూలు, చివరి రోజు సద్దుల బతుకమ్మ. సద్దుల నాడు సత్తుపిండి, మలీద పంచుతారు, డబ్బా తీసుకెళ్లండి.

పుస్తక ప్రదర్శన, లిటరరీ ఫెస్టివల్ రెండూ ఒకటేనా?

కాదు. డిసెంబరులో ఇందిరా పార్కు దగ్గరి ఎన్టీఆర్ స్టేడియంలో పది రోజుల పైగా జరిగేది హైదరాబాద్ బుక్ ఫెయిర్. 2024లో జరిగింది 37వది. ప్రవేశ రుసుము పది రూపాయల్లాంటి చిన్న మొత్తమే. వందల స్టాళ్లు, తెలుగు ప్రచురణకర్తలంతా ఒకేచోట. ఏడాదంతా ఎక్కడా దొరకని పుస్తకం రచయిత తానే బల్ల వేసుకుని అమ్ముతుంటే దొరుకుతుంది. ఆదివారం వెళ్తే పుస్తకాల కన్నా వీపులు ఎక్కువ కనిపిస్తాయి. మామూలు రోజు మధ్యాహ్నం రెండింటికి వెళ్లండి, చక్రాల సంచీ తీసుకెళ్లండి. నేను ఏటా "ఈసారి ఐదు పుస్తకాలే" అని ఒట్టు పెట్టుకుంటాను, దాని సంగతి వదిలేయండి.

లిటరరీ ఫెస్టివల్ 2010లో మొదలైంది. జనవరి చివర్లో మూడు రోజులు, ప్రవేశం ఉచితం, వేదిక మారుతుంటుంది కాబట్టి ముందు చూసుకోవాలి. ఫెస్టివల్లో మాటలెక్కువ, బుక్ ఫెయిర్‌లో పుస్తకాలెక్కువ. మాటల్లోనూ ఇంగ్లీషే ఎక్కువ అని నా ఫిర్యాదు. అయినా ఏటా వెళ్తాను.

నుమాయిష్ కళాకార్యక్రమమా, షాపింగా?

మీరెలా చూస్తే అలా. 1938లో ఉస్మానియా పట్టభద్రులు కొందరు హైదరాబాద్ రాజ్య ఆర్థిక సర్వేకు డబ్బు కూడబెట్టాలని పబ్లిక్ గార్డెన్స్‌లో కొద్దిపాటి స్టాళ్లతో పెట్టిన ప్రదర్శన ఇది. 1946లో నాంపల్లి మైదానానికి మారింది. ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా. కాశ్మీరు శాలువాలు, లక్నో చికన్, మిర్చీ బజ్జీ, పిల్లల రైలు, పక్కనే వేదిక మీద పాటలు. మా అమ్మ పెళ్లయిన కొత్తలో ఇక్కడ కొన్న జాడీలోనే ఇప్పటికీ మా ఇంట్లో ఆవకాయ. నాంపల్లి, గాంధీభవన్ మెట్రో స్టేషన్లు రెండూ దగ్గరే. కారు తీసుకెళ్తే మొజంజాహీ మార్కెట్ దగ్గరే మీ నుమాయిష్ అయిపోతుంది. బేరం ఆడాలా అని అడుగుతారు కొందరు. ఆడాలి.

శాస్త్రీయ సంగీతం ఒక్క ముక్క అర్థం కాదు. కచేరీకి వెళ్లి ఏం చేయాలి?

త్యాగరాజ ఆరాధనతో మొదలుపెట్టండి. పుష్య బహుళ పంచమికి అటూ ఇటూ ఊళ్లో చాలా చోట్ల జరుగుతుంది. పెద్ద విద్వాంసులు, నిన్నమొన్న సరళీ వరసలు దాటిన పిల్లలు అందరూ ఒకే చోట కూర్చుని పంచరత్న కీర్తనలు పాడతారు: నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ మన తెలుగే. ఎక్కడో తంజావూరు జిల్లాలో కావేరి ఒడ్డున కూర్చుని రాసిన తెలుగు మాటలు మనకు చిక్కడపల్లిలో అర్థమవుతాయి. అంతకంటే ఇంకేం అర్థం కావాలి? పక్కవాళ్లు తొడ మీద తాళం వేస్తుంటే చూసి మీరూ వేయండి. తప్పినా సిగ్గుపడక్కర్లేదు. వరాళి దగ్గరకు వచ్చేసరికి సగంమంది తప్పుతారు.

మా ఆయన రెండో కీర్తనకే నిద్రపోతాడు. "తనియావర్తనంలో లేపు," అంటాడు (పాట ఆగి మృదంగం ఒక్కటే మోగే భాగం అది). ఆ మోత మొదలవగానే ఆయనే లేస్తాడు.

ఉర్దూ రాదు. ముషాయిరాకి, అదే ఉర్దూ కవిసమ్మేళనానికి, వెళ్లొచ్చా?

వెళ్లండి. ఈ ఊరు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా స్వయంగా కవి. దక్కనీలో రాసిన ఆయన కవిత్వంలో తెలుగు మాటలు కూడా దొర్లాయంటారు. ఆయన తండ్రి ఇబ్రహీంను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. కాబట్టి మనం పరాయివాళ్లం కాదు. మొదటి పాదాన్ని కవి రెండుసార్లు చదువుతాడు, రెండో పాదం కోసం జనమంతా ఊపిరి బిగబడతారు, పడగానే "వాహ్!" అని హాలు లేస్తుంది. ఆ బిగింపు అర్థం కావడానికి భాష అక్కర్లేదు. కావాలంటే పక్కాయన్ని అడగండి. ఆయన అర్థం చెప్పి, ఆ కవి గురించి అరగంట చెప్పి, చివరికి ఇరానీ చాయ్ కూడా ఇప్పిస్తాడు. నాకు జరిగింది.

పిల్లలతో మ్యూజియం వెళ్దామంటే సెలవు రోజు తగిలింది. ఏవి ఎప్పుడు మూసి ఉంటాయి?

సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండింటికీ శుక్రవారం సెలవు. సాలార్‌జంగ్‌లో సంగీత గడియారం దగ్గరికి మధ్యాహ్నం పన్నెండుకు పది నిమిషాల ముందే చేరండి. చిన్న బొమ్మ మనిషి లోపలినుంచి వచ్చి పన్నెండు గంటలు కొట్టేదాకా పిల్లలు కదలరు, పెద్దలూ కదలరు. మేలిముసుగు రెబెక్కా పాలరాతి శిల్పాన్ని ఆ తర్వాత చూపించండి. రాతిలో అంత పల్చటి ముసుగు ఎలా చెక్కారని అడిగితే మాత్రం నన్ను ఇరికించకండి.

డిసెంబరులో మూడు వారాలు అమెరికా నుంచి వస్తున్నాం. పెళ్లిళ్లు, షాపింగ్ పోగా నాలుగు సాయంత్రాలు మిగులుతాయి.

ఒకటి బుక్ ఫెయిర్. ఒకటి సురభి, ఆ వారం ఆట ఉంటే. ఒకటి రవీంద్రభారతిలో ఆ రోజు ఏది ఉంటే అది, ఎంచుకోకండి. నాలుగోది లామకాన్. జనవరి ఒకటి దాటి ఉంటే నుమాయిష్. పిల్లలకు తెలుగు సరిగా రాదని వెనకాడొద్దు, లడ్డూ గాల్లో ఎగిరితే భాష అడ్డం రాదు.

అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులు. తీసుకురావచ్చా?

రావచ్చు గానీ పై అంతస్తు హాళ్లకు లిఫ్టు ఉందో లేదో కార్డులో ఉన్న నంబరుకు ఫోను చేసి కనుక్కోండి. సిగ్గుపడకండి, వాళ్లే కుర్చీ వేయించి పెడతారు. ఒక శాలువా ఉంచుకోండి, కొన్ని హాళ్లలో ఏసీ ఉత్తర ధ్రువం. మరికొన్నింట్లో విసనకర్ర కావాలి.

ఫోటోలు, వీడియోలు తీసుకోవచ్చా?

నాట్యానికి ఫ్లాష్ వద్దు, కాలు తడబడుతుంది. ఫోను పైకెత్తి కచేరీ అంతా రికార్డు చేసేవాళ్ల వెనక కూర్చోవడం నా ప్రారబ్ధం. ఒక నిమిషం తీసుకుని దింపేయండి.

ఆడపిల్లని, ఒక్కదాన్నే వెళ్లాలంటే ఏదోలా ఉంది. రాత్రి తిరిగి రావడం ఎలా?

ఈ ఇరవై ఏళ్లలో సగం సాయంత్రాలు నేను ఒక్కదాన్నే వెళ్లాను. గానసభలో మూడోసారి కనిపించేసరికి ఎవరో ఒకరు "అమ్మాయ్, పోయిన వారం రాలేదే?" అని పలకరిస్తారు. ఆ తర్వాత మీరు ఒక్కరే కాదు. నాకలా పరిచయమైన ఒక పెద్దావిడ ఇప్పటికీ వేయించిన పల్లీల పొట్లం తెచ్చి, విరామంలో సగం నా చేతిలో పోస్తుంది. మెట్రో చివరి రైలు రాత్రి పదకొండు ప్రాంతంలో. మంగళం పాడేదాకా ఉన్నా అందుతుంది. వందన సమర్పణ దాకా ఉంటే మాత్రం అందదు.